ముక్క పరీక్ష మానేసి వెలుగు పరీక్ష చేయించవచ్చా?

ఎర్రగుంట్ల నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆమె భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నారు. ఉత్తరంలోని ముఖ్యభాగం ఇది:

"మా నాయన వయసు 52. ముప్పై ఏళ్ళుగా బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఖైనీ, వక్కపొడి ఎడమ బుగ్గలో పెట్టుకోవడం పనిలో చేరిననాటి అలవాటు. నాలుగు నెలలుగా ఆ బుగ్గ లోపల తెల్లమచ్చ ఉంది. ఈ మధ్య దాని అంచు ఎర్రబడింది, కారం తగిలితే మంట అంటున్నాడు. కడపలో దంతవైద్యులు చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. మా పెద్దనాయనకు ముక్క పరీక్ష చేసిన మూడు నెలలకే ప్రాణం పోయిందని, కత్తి తగిలితే పుండు రేగుతుందని మా పెద్దమ్మ గట్టిగా చెప్పేసరికి నాయన ఒప్పుకోవడం లేదు. సైన్స్ దినోత్సవం నాడు మా విభాగంలో విన్న ఉపన్యాసంలో, రామన్ స్పెక్ట్రోస్కోపీతో కోత లేకుండా వెలుగుతోనే క్యాన్సర్ కణాలను గుర్తించవచ్చని చెప్పారు. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు? అది దొరికేదాకా ముక్క పరీక్ష ఆపవచ్చా? మా ప్రయోగశాలలోని పరికరంతో నాయన ఉమ్మిని నేనే చూడవచ్చా? ఈ రంగంలో పరిశోధన చేయాలని కూడా నాకు కోరిక."

అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవి ఒక నెల ఆగినా నష్టం లేదు, అది మాత్రం ఆగకూడదు. ముక్క పరీక్షను ఆపవద్దు. వీలైతే ఈ వారంలోనే మీ నాన్నగారిని మళ్ళీ కడపకు తీసుకువెళ్ళండి. నోటిలో ఏ పుండైనా, మచ్చైనా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ముక్క తీసి చూడాలన్నది దంతవైద్యులు సాధారణంగా పాటించే నియమం. మీరు ఇప్పటికే నాలుగు నెలలు దాటారు. తెల్లమచ్చ అంచున ఎరుపు చేరడాన్ని వైద్యులు ఉత్త తెల్లమచ్చ కంటే ఎక్కువ జాగ్రత్తగా చూస్తారు. అది క్యాన్సరే అని నేను అనడం లేదు. చాలా తెల్లమచ్చలు క్యాన్సర్ కావు. అవునో కాదో తేల్చడానికి నేటికీ నమ్మదగిన మార్గం ఆ చిన్న ముక్కను సూక్ష్మదర్శిని కింద చూడటమే.

నేను వైద్యుడిని కాను. రామన్ పరికరాల ముందు జీవితంలో ఎక్కువ భాగం గడిపినవాడిని. ఆ వెలుగు ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో నాకు తెలుసు కాబట్టి, ఆ ఉపన్యాసం మీలో కలిగించిన ఆశను చిన్నబుచ్చకుండానే, దాన్ని మీ ఇంటి అవసరానికి వాడుకోవద్దని చెబుతున్నాను.

మీ నాన్నగారి పని నుంచే మొదలుపెడదాం. బండ పాలిష్‌కు ఎక్కేముందు అనుభవం ఉన్న పనివాళ్ళు దాన్ని చిన్న సుత్తితో తట్టి చూస్తారు. ఖంగుమని మోగితే మంచి బండ, శబ్దం బొంగురు పోతే లోపల ఎక్కడో బీట ఉన్నట్టు. రామన్ స్పెక్ట్రోస్కోపీ కూడా ఒక విధంగా తట్టి వినడమే. సుత్తికి బదులు ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ కాంతితో అణువులను తడతాము. తిరిగి వచ్చే కాంతిలో దాదాపు అంతా వెళ్ళిన రంగులోనే వస్తుంది. కోటిలో ఒక ఫోటాను, అంటే కాంతి రేణువు, మాత్రం అణువుకు తన శక్తిలో కొంత ఇచ్చి, లేదా దాని నుంచి కొంత తీసుకుని, రంగు మారి వస్తుంది. ఎంత మారిందన్నది ఆ అణువులోని బంధాలు ఏ వేగంతో కంపిస్తాయన్నదాని మీద ఆధారపడుతుంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ గమనించింది ఈ మార్పునే. లేజర్లు లేని ఆ రోజుల్లో, ముందు సూర్యకాంతితోనూ తర్వాత పాదరసపు దీపంతోనూ, కోటిలో ఒకటిగా వచ్చే ఆ బలహీనమైన కాంతిని వారు పట్టుకోగలిగారంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న రామన్‌ను మనవాడు అనుకోవడానికి తెలుగువారికి కొంత హక్కు ఉంది.

మీరు భౌతికశాస్త్ర విద్యార్థిని కాబట్టి లెక్క కూడా చెబుతాను. శరీర కణజాలానికి ఎక్కువగా 785 నానోమీటర్ల లేజర్ వాడతారు. కంటికి ఇంచుమించు కనిపించని ఆ ఎరుపు చివరి కాంతిలో, కణజాలం తనంతట తాను వెలువరించే ప్రతిదీప్తి తక్కువగా ఉంటుంది. ఆకుపచ్చ లేజర్‌తో చూస్తే ఆ ప్రతిదీప్తి వరదలో రామన్ సంకేతం మునిగిపోతుంది. 785 నానోమీటర్లంటే తరంగ సంఖ్య, అంటే ఒక సెంటీమీటరు పొడవులో పట్టే తరంగాల లెక్క, సుమారు 12,739. ప్రొటీన్లలో ఉండే ఫినైల్‌అలనీన్ వలయం అందులో నుంచి 1,004 తీసుకుంటే మిగిలిన కాంతి 852 నానోమీటర్ల దగ్గర కనిపిస్తుంది. ఇలాగే 1,450 దగ్గర కొవ్వుల, ప్రొటీన్ల బంధాలు, 1,655 దగ్గర ప్రొటీన్ల వెన్నెముక, 1,750 దగ్గర కొవ్వుల ఎస్టర్ బంధం, 785 చుట్టూ డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ తమ గుర్తులు వదులుతాయి. ఇక్కడి 785 తరంగ సంఖ్య, లేజర్ తరంగదైర్ఘ్యం కాదు. చాలామంది విద్యార్థులు ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. కాంతిని రంగులవారీగా విడదీసి చూపే పటాన్ని వర్ణపటం అంటాము. పరారుణ వర్ణపటంలో నీరు పెద్ద అడ్డంకి, రామన్‌లో నీటి సంకేతం చాలా బలహీనం. తడిగా ఉండే బుగ్గ లోపలి పొరను ఆరబెట్టకుండా చూడటానికి రామన్ అనుకూలం కావడానికి ముఖ్యకారణం ఇదే.

క్యాన్సర్ వచ్చినప్పుడు ఏం మారుతుంది? కణాలు అదుపు తప్పి విభజన చెందుతాయి, కేంద్రకాలు పెద్దవవుతాయి, ప్రొటీన్ల తయారీ పెరుగుతుంది, పై పొర మందమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న బుగ్గ మీద లేజర్ పెడితే వర్ణపటంలో కొవ్వుల గుర్తులు బలంగా కనిపిస్తాయి; కణితి మీద పెడితే కొవ్వు వెనక్కి తగ్గి ప్రొటీన్లు, డీఎన్‌ఏ ముందుకు వస్తాయి. నవీ ముంబయిలోని ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన పరిశోధనా కేంద్రం ఆక్ట్రెక్ ఈ తేడాను నోటి క్యాన్సర్ రోగుల్లో నేరుగా, నోట్లో పరికరం పెట్టి, ఏళ్ళ తరబడి అధ్యయనం చేసింది. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది: ఆ పని పరిశోధనగా జరిగింది. మన జిల్లాల్లో ఏ ఆసుపత్రిలోనూ చీటీ రాయించుకుని చేయించుకునే మామూలు పరీక్షగా అది ఇంకా రాలేదు.

ఎందుకు రాలేదన్నది మీరు లోతుగా తెలుసుకోవాలి. ఈ రంగంలోకి రావాలనుకుంటున్నారు కాబట్టి మరింత అవసరం.

పదిహేనేళ్ళ క్రితం నాటి మాట చెబుతాను. మా బృందం కణితుల నమూనాలను, ఆరోగ్యకరమైన కణజాలాన్ని పోల్చి వర్ణపటాలు తీసింది. కంప్యూటర్ వాటిని ఇంచుమించు తప్పు లేకుండా రెండు కుప్పలుగా వేరుచేసింది. మేము కొన్ని నెలలు సంతోషంగా ఉన్నాము. తర్వాత తేడా ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్క శిఖరాన్ని వరుసగా చూస్తే 1,063, 1,133, 1,296 దగ్గర పదునైన గీతలు కనిపించాయి. అవి కణితివి కావు, పారఫిన్ మైనానివి. కణితి నమూనాలు ఆసుపత్రిలో ముక్కలను భద్రపరిచే మైనపు దిమ్మెల నుంచి వచ్చాయి, ఆరోగ్యకరమైనవి శీతలపెట్టెలో నుంచి వచ్చాయి. మా కంప్యూటర్ నేర్చుకున్నది క్యాన్సర్‌ను కాదు, మైనాన్ని. తప్పు పూర్తిగా మాదే. అప్పటినుంచి ఎవరైనా నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు సరిగ్గా చెప్పాము అంటే, ఆ రెండు రకాల నమూనాలు ఒకే దారిలో వచ్చాయా అన్నదే నా మొదటి ప్రశ్న.

నోటి విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఏళ్ళుగా పొగాకు, వక్క నమిలినవారి బుగ్గ, అక్కడ ఏ మచ్చా లేకపోయినా, నమలనివారి బుగ్గతో సమానమైన వర్ణపటం ఇవ్వదు. వక్క వల్ల లోపలి పొర కింద నార పెరిగి నోరు బిగుసుకుపోయే జబ్బులో కొల్లాజెన్ అనే నారలాంటి ప్రొటీన్ పెరుగుతుంది. వాపు ఉంటే రక్తం పెరుగుతుంది. మీ నాన్నగారి మచ్చలాంటి చోట పై పొర గట్టిపడి ఉంటుంది కాబట్టి కాంతి కిందికి దిగేముందే చాలా భాగం చెదిరిపోతుంది. ఈ మార్పులన్నిటి మధ్య క్యాన్సర్ తెచ్చిన మార్పును మాత్రమే విడదీయాలి. అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. చెడ్డ కణాలు పై పొరలోనే ఉన్నాయా, లేక దాని అడుగున ఉండే పలుచని ఆధార పొరను చీల్చుకుని కిందికి దిగాయా అన్నదాని మీదే చికిత్స ఆధారపడి ఉంటుంది. ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించే వైద్యుడు, అంటే పాథాలజిస్టు, ఆ పొరను ముక్కలో నేరుగా చూస్తారు. నోట్లో పెట్టిన రామన్ పరికరం ఆ లోతులన్నిటినీ కలిపి ఒకే వర్ణపటంగా ఇస్తుంది. బండ బొంగురు పోయిందని సుత్తి చెబుతుంది, బీట ఎంత లోతుకు దిగిందో కోసి చూస్తేనే తెలుస్తుంది; ఈ మాట మీరు నాకంటే బాగా మీ నాన్నగారికి చెప్పగలరు.

అలాగని ఈ పని వృథా అనుకోవద్దు. 2015లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు చేతిలో పట్టుకునే రామన్ పరికరంతో, మెదడు శస్త్రచికిత్స జరుగుతుండగానే, కణితి ఎక్కడిదాకా పాకిందో గుర్తించగలిగారు. 2020లో అమెరికాలో వెలువడిన మరొక అధ్యయనంలో 278 మంది మెదడు కణితి రోగుల కణజాలాన్ని రామన్ కాంతితో చిత్రించి, కంప్యూటర్‌తో చదివిస్తే, రెండున్నర నిమిషాల లోపే రోగనిర్ధారణ వచ్చింది. కంప్యూటర్ 94.6 శాతం, మామూలు పద్ధతిలో చూసిన పాథాలజిస్టులు 93.9 శాతం సరిగ్గా చెప్పారు. ఇది గొప్ప ఫలితం. కానీ ఆ అధ్యయనంలో కూడా ముక్క తీశారన్నది గమనించండి. అక్కడ వెలుగు తగ్గించింది ముక్కకు రంగులు వేసి పలుచని పొరలుగా కోసే ఆలస్యాన్ని, ముక్క అవసరాన్ని కాదు. నోటి మచ్చల్లో కూడా, పెద్ద మచ్చలో ముక్క ఎక్కడి నుంచి తీయాలో చూపడం, శస్త్రచికిత్సలో అంచులు శుభ్రంగా ఉన్నాయో లేదో చెప్పడం, చికిత్స అయినవారిని మాటిమాటికీ కోయకుండా గమనిస్తూ ఉండటం వంటి పనులకు వెలుగు ముందుగా అక్కరకు వస్తుందని నా నమ్మకం.

శిబిరాల్లో నీలిరంగు టార్చితో నోరు చూసి చెప్పేవారు కూడా ఉన్నారు. ఆ కాంతిలో ఆరోగ్యకరమైన పొర ఆకుపచ్చగా మెరుస్తుంది, అనుమానించవలసిన చోటు నల్లగా కనిపిస్తుంది. మామూలు వాపు కూడా నల్లగానే కనిపిస్తుంది కాబట్టి అది చూసి భయపడనూ వద్దు, మెరిసింది కదా అని ధైర్యపడనూ వద్దు.

ఇక ఉమ్మి సంగతి. దయచేసి ఆ పని చేయకండి. మీ ప్రయోగశాలలో ఆరోగ్యవంతుల ఉమ్మి వర్ణపటాలు లేవు, రోగులవి లేవు, పోల్చడానికి ఏమీ లేకుండా వచ్చే గీతలకు అర్థం ఉండదు. మనుషుల నమూనాలతో పని చేయాలంటే సంస్థ నైతిక సంఘం అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి ఉండాలి. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇది: కన్నకూతురు చూసిన పరీక్షలో ఏమీ కనబడలేదంటే మీ నాన్నగారు ఇక ఎవరి మాటా వినరు. ప్రయోగశాల లేజర్‌ను ఆయన నోటి దగ్గరకు తేవాలన్న ఆలోచన కూడా వద్దు. కంటికి దాదాపు కనిపించని ఆ కాంతి కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది.

ఒక లెక్క కూడా మనసులో ఉంచుకోండి. నూటికి తొంభైమంది రోగులను పట్టుకుని, నూటికి తొంభైమంది ఆరోగ్యవంతులను సరిగ్గా వదిలే పరీక్ష ఉందనుకుందాం. వెయ్యి మందిలో పదిమందికి మాత్రమే జబ్బు ఉన్న చోట దాన్ని వాడితే, జబ్బు ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది దొరుకుతారు, జబ్బు లేని 990 మందిలో 99 మందిని కూడా జబ్బు ఉందని చూపుతుంది. ఆ 108 మందిలో నిజమైన రోగులెవరో తేల్చడానికి చివరికి ముక్కే తీయాలి. దొరకకుండా పోయిన పదో మనిషి ఇంటికి నిశ్చింతగా వెళ్ళిపోతాడు.

ఇప్పుడు మీ పెద్దమ్మగారి మాట. ఆమె చెప్పింది అబద్ధమని ఆమె ముందు వాదించవద్దు. భర్తను పోగొట్టుకున్న మనిషికి ఆ మూడు నెలలే గుర్తుంటాయి. మన వైపు చాలామంది నోరు తెరుచుకోనప్పుడో, మెడలో గడ్డ తేలినప్పుడో ఆసుపత్రికి వెళతారు. అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది, వెళ్ళగానే మొదట చేసేది ముక్క పరీక్ష, ఆ తర్వాత కొద్దికాలానికే మరణం. కళ్ళ ముందు వరుసగా జరిగిన ఆ రెండింటిలో మొదటిది రెండోదానికి కారణమనిపించడం సహజం. నోటి మచ్చ నుంచి ముక్క తీస్తే క్యాన్సర్ పుడుతుందని గానీ, పాకుతుందని గానీ చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదు. మీ పెద్దనాయనకు ఆ పరీక్ష ఏడాది ముందు జరిగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. మీ నాన్నగారి విషయంలో ఆ ఏడాది ఇంకా చేతిలో ఉండే అవకాశం ఉంది.

కోయకుండా చూసే పరీక్ష ఒకటి నిజంగా ప్రాణాలు కాపాడిందని రుజువైంది, అది మామూలు కంటిచూపు. 1996లో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో మొదలైన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మంచి వెలుతురులో నోళ్ళు చూశారు. అనుమానం ఉన్నవారిని వైద్యుల దగ్గరకు పంపారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గినట్టు 2005లో ప్రకటించారు. మీ నాన్నగారికి ఆ చూపు కడపలో దొరికింది. ఆ చూపు చెప్పినదాని ప్రకారం తర్వాతి అడుగు వేయడమే మిగిలింది.

ఆయనకు భయం తగ్గాలంటే ఏం జరుగుతుందో ముందే చెప్పండి. పన్ను పీకేముందు ఇచ్చేలాంటి మత్తు సూది ఇస్తారు, కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, అవసరమైతే ఒకటి రెండు కుట్లు వేస్తారు, అదే రోజు ఇంటికి పంపుతారు. ఒకటి రెండు రోజులు కారం, వేడి తగ్గించి సంగటి మెత్తగా చేసి చల్లారాక పెట్టండి. చక్కెర జబ్బు ఉన్నా, గుండెకు రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్నా డాక్టరుకు ముందే చెప్పాలి. మీ మాట వినకపోతే ఫ్యాక్టరీలో ఆయన గౌరవించే పెద్ద మేస్త్రీ ఎవరైనా ఉంటే వారిని వెంట తీసుకువెళ్ళండి; తోటి పనివాడు పక్కన కూర్చుంటే మగవాళ్ళు కూతురి ముందు చూపించలేని భయాన్ని దిగమింగుకోగలరు.

ఖైనీతో పాటు వక్కపొడి కూడా ఈరోజే ఆగాలి. పొగాకు లేని వక్క మంచిదేనన్న నమ్మకం మన వైపు గట్టిగా ఉంది. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే నిర్ణయించింది. మానడానికి సాయం కావాలంటే 1800-112-356 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోన్ చేయవచ్చు. మూడు వేళ్ళు ఒకదానిపై ఒకటి నిలువుగా ముందుపళ్ళ మధ్య పడుతున్నాయో లేదో ఆయన వేళ్ళతోనే చూసుకోమనండి. పట్టకపోతే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

మీ పరిశోధన కోరిక నాకు ఆనందం కలిగించింది. నోటి క్యాన్సర్ మన దేశంలో ఇంత ఎక్కువగా ఉండగా, దీన్ని వెలుగుతో చదవడం నేర్చుకోవలసినవారు రాయలసీమ నుంచి కూడా రావాలి. భౌతికశాస్త్ర విభాగంలో కూర్చుని మాత్రం ఈ పని చేయకండి. మొదటిరోజు నుంచే ఒక పాథాలజిస్టు, ఒక దంతవైద్యుడు మీ పక్కన ఉండాలి. మీరు వర్ణపటం తీసిన అదే బిందువు నుంచి ముక్క తీసేలా చూసుకోండి. నమిలే అలవాటు ఉండి మచ్చ లేనివారిని తప్పనిసరిగా పోలికకు తీసుకోండి. కంప్యూటర్‌కు నేర్పేటప్పుడు ఒకే రోగి వర్ణపటాలు కొన్ని నేర్చుకునే వైపు, కొన్ని పరీక్షించే వైపు పడకుండా రోగుల వారీగా విడదీయండి. ఇది పాటించని పత్రాలు ఇప్పటికీ వస్తున్నాయి, వాటి గొప్ప శాతాలు కొత్త రోగి దగ్గర నిలబడవు. నమూనా ఏ పెట్టెలో వచ్చింది, ఎన్ని గంటలు ఆగింది, ఏ రోజు పరికరాన్ని సిలికాన్ ఇచ్చే తెలిసిన గీతతో సరిచూశారు అన్నవన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి.

ఇవన్నీ ముక్క పరీక్ష ఫలితం వచ్చాక ఆలోచించవలసినవి. కడపలో నివేదిక వచ్చిన రోజునే దాని నకలు, మైనపు దిమ్మె సంఖ్య అడిగి తీసుకోండి. ఒకవేళ తిరుపతికో కర్నూలుకో వెళ్ళవలసి వస్తే అక్కడి పాథాలజిస్టులు ఆ దిమ్మెను, గాజుపలకలను తెప్పించి చూడాలంటారు. ఆ నకలు, సంఖ్య మీ దగ్గర సిద్ధంగా ఉంటే మీ నాన్నగారికి రెండోసారి ముక్క తీయవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.